మందుమీద మందు

మూడు సంవత్సరముల క్రిందట మా తెలుగు మాస్టారి కడనుండి నాకొక ఉత్తరము వచ్చినది. కవరుపైని చిరునామా చూచి ఇది వారు వ్రాసినది కాదనుకొంటిని. ముప్పది యేండ్లు నల్లబల్లపై ముత్యములవంటి అక్షరములు నిలిపిన చేయి వారిది. గురులఘువులు గుర్తించుటకై వారు గీచు గీతలు సైతము అచ్చుపోసినట్లుండెడివి. ఈ ఉత్తరములోని అక్షరములో, ఒకదానిపై నొకటి ఒరిగి, పంక్తి చివరకు పోవుకొలది చిన్నవై, తుదకు చీమతల లంతై మాసిపోయినవి. ఉన్నవి మూడే వాక్యములు: "చేయి స్వాధీనములో లేదు. చెప్పవలసిన మాట నోటికి రాదు. తీరిక చేసికొని ఒకసారి వచ్చి పొమ్ము."

పోయితిని. వారికి అప్పటికి 78 ఏండ్లు. వసారాలో పడక కుర్చీలో కూర్చుండి యున్నారు. కుడిచేయి ఒడిలో తనంతట తానే కదలుచున్నది. ముఖమున నవ్వుగాని విసుగుగాని లేదు. నన్ను గుర్తుపట్టిరి. కాని తరగతిలో పుస్తకము తెరువకుండ ఘట్టములకు ఘట్టములు పద్యములు చదివిన ఆ మనిషి, నా యెదుట రెండు పాదములు చదివి, మూడవ పాదము కొరకు కన్నులు మూసికొని చాలసేపు వెదకి, "పోయిందిరా" అని ఊరకుండిరి.

"వయసు మీద పడింది గదండీ" అనుట ఇంటివారి సమాధానము. "ఏ డాక్టరుకు చూపించమంటే ఆ డాక్టరుకు చూపించాము. డబ్బుకు వెనుకాడలేదు" అని కుమారుడు చెప్పెను. అది నిజమే. అందుకు సాక్ష్యముగా అలమరలో ఒక బిస్కట్ల డబ్బా నిండ మందుల అట్టలున్నవి. మొత్తము ఏడు విధముల మాత్రలు. ఏది ఏ వేళకు వేయవలెనో తొమ్మిదవ తరగతి చదువుచున్న వారి మనుమరాలు తడుముకొనకుండ చెప్పగలదు. ఏది ఎందుకు వేయవలెనో మాత్రము ఆ యింట ఎవరును చెప్పలేకపోయిరి.

ఆ "ఎందుకు" అను ప్రశ్నయే ఈ వ్యాసమునకు విషయము.

ఏడు మాత్రల వరుస

వృద్ధుల వైద్యమునందు శ్రద్ధగల యొక వైద్యుని కడకు మాస్టారిని తీసికొని పోయితిమి. ఆయన నాడి పట్టుకొనుటకు ముందే, "ఈ మాత్రలలో ఏది ఏ తేదీన మొదలైనది?" అని అడిగిరి. మాస్టారు ఉపాధ్యాయులగుట ఇక్కడ మేలైనది. కాగితము పారవేయు అలవాటు వారికి లేదు. పాత మందుచీటీలన్నియు ఒక ఫైలులో ఉన్నవి. మనుమరాలు వానిని ముందు వేసికొని, తేదీల వరుసను ఒక తెల్లకాగితముపై పట్టిక గీచినది. ఆ పట్టిక ఒక కథ చెప్పినది.

మొదటిది మధుమేహమునకు మెట్‌ఫార్మిన్. అది చాల యేండ్లనుండి ఉన్నది. దానితో చిక్కు లేదు. రెండవది రక్తపుపోటునకు అమ్లోడిపిన్. మంచి మందే. కాని కొందరిలో దానివలన చీలమండలు వాచును. సన్నని రక్తనాళములు వెడల్పయి, వానినుండి నీరు చుట్టునున్న కండలోనికి ఊరుటయే ఈ వాపునకు కారణముగాని, ఒంటిలో నీరు మిక్కిలియగుట కాదు. మాస్టారి కాళ్ళు వాచినవి. వేరొక వైద్యుడు ఆ వాపు చూచి, నీరు దిగుటకు మూత్రము ఎక్కువ చేయు మాత్ర వ్రాసెను. ఇది మూడవది. దానిని రాత్రి భోజనమైన పిదప వేసికొనెడివారు. అందుచేత రాత్రి నాలుగైదు మారులు లేవవలసివచ్చి నిద్ర చెడినది. నిద్రకొక మాత్ర వచ్చినది, నాలుగవది. ఒకవంక ఒంటిలోని నీరు తగ్గి, నిలుచున్నప్పుడు రక్తపుపోటు పడిపోవుటచేతను, మరియొకవంక నిద్రమాత్ర మత్తు తెల్లవారిన తరువాతను విడువకపోవుటచేతను ఉదయము లేవగనే తల తిరుగసాగినది. తల తిరుగుటకు సిన్నరిజిన్ వ్రాసిరి; ఐదవది. అది నెలల తరబడి వాడినచో వృద్ధులలో కొందరికి పార్కిన్‌సన్ వ్యాధిని పోలిన వణుకు, బిగువు, నడకలో మాంద్యము కలుగునని వైద్యశాస్త్రము చాలకాలమునుండి ఎరుగును. పంక్తి చివరకు అక్షరములు చిన్నవగుట కూడ ఆ లక్షణములలో నొకటి. వణుకునకు ట్రైహెక్సీఫెనిడిల్ అను ఆరవ మాత్ర వచ్చినది. అది నోరు ఎండజేయును, మలబద్ధకము కలిగించును, వృద్ధుల జ్ఞాపకశక్తిని కలతపెట్టును. మలబద్ధకమునకు ఏడవ మాత్ర. మరపునకు ఎనిమిదవ మాత్ర వ్రాయించుకొనుటకు ఇంటివారు పట్నము ప్రయాణమునకు సిద్ధముగా నుండగా నేను పోయితిని.

ఏడింటిలో రోగమునకు వ్రాసినవి మొదటి రెండే. తక్కిన ఐదును మందులవలన పుట్టిన బాధలకు వ్రాసిన మందులు. గోరుచుట్టుపై రోకటిపోటు అనుట విన్నాము. ఇచ్చట ప్రతి రోకటిపోటును చికిత్స యను పేరుతోనే పడినది.

ఇందు దుర్మార్గుడెవడును లేడు. వాపు చూచినవాడు వాపునకును, వణుకు చూచినవాడు వణుకునకును తెలిసిన మందే వ్రాసెను. లెక్కల మాస్టార్లకు ఈ సంగతి సులభముగా బోధపడును. బాలుడు ఒక లెక్కలో రెండవ పంక్తియందు తప్పు చేయును. మూడవ పంక్తినుండి కూడికలు, తీసివేతలు అన్నియు సరిగనే యుండును. జవాబు మాత్రము తప్పు. చివరి పంక్తిని ఎన్నిమారులు దిద్దినను లెక్క కుదరదు. రెండవ పంక్తికి పోవలెను.

కెనడాలో పౌలా రోషాన్, అమెరికాలో జెర్రీ గుర్విట్జ్ అను వైద్యులు ఈ మందుల గొలుసును గూర్చి 1997లో బ్రిటిష్ మెడికల్ జర్నలునందు వ్రాసిరి. ఒక మందు కలిగించిన బాధను క్రొత్త రోగముగా పొరబడి దానికి మరియొక మందు వ్రాయుటయే ఈ గొలుసునకు మొదటి కొలికియని వారి తాత్పర్యము.

డెబ్బది దాటిన దేహము

అదే మాత్ర నడివయస్కునకు మేలు చేయగా వృద్ధునకు కీడేల చేయవలెను? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. విషము సైతము యుక్తిగా వాడినచో ఔషధమగుననియు, ఔషధము సైతము యుక్తి తప్పినచో విషమగుననియు చరకసంహిత చెప్పుచున్నది. శార్ఙ్గధర సంహిత ఇంకను స్పష్టముగా, డెబ్బది యేండ్లు దాటిన పిదప మందు మోతాదును బాలునకు వలెనే మెల్లమెల్లగా తగ్గించుకొని రావలెనని విధించినది. మన భాషలో "మందు" అను ఒక్క మాటయే రోగము కుదుర్చునదానికిని, తుపాకిలో కూరుదానికిని, ఓర్వలేనివారు అన్నములో కలిపి పెట్టుదురని పల్లెలు భయపడెడి "పెట్టుడు మందు"నకును పేరైనది. పూర్వులు దాని రెండంచులను మరువలేదు.

నేటి శాస్త్రము దానికి కారణములు చూపినది. వయస్సు పైబడిన కొలది దేహమున నీటి పాలు తగ్గి క్రొవ్వు పాలు పెరుగును. క్రొవ్వులో కరగు మందులు అచ్చట దాగి చాలకాలము నిలుచును. నిద్రకును ఆందోళనకును వాడు డయజిపామ్ మాత్ర ఇరువదేండ్ల యువకుని దేహమున సగమగుటకు సుమారు 20 గంటలు పట్టగా, ఎనుబదేండ్ల వృద్ధునిలో దానికి నాలుగురెట్లు పట్టునని 1975లో ప్రకటింపబడిన పరిశోధన చూపినది. నేటి రాత్రి మాత్ర దిగకముందే రేపటి మాత్ర వచ్చి చేరును. చీకటిలో లేచి కాలు తడబడి తుంటి ఎముక విరిగినప్పుడు మనము గడపను నిందింతుము.

మూత్రపిండముల సంగతి లెక్కకే వచ్చును. విద్యార్థులు పలకపై వేసి చూడవచ్చును. 1976లో కెనడా వైద్యులు కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ అనువారు ఒక సూత్రము ప్రకటించిరి. 140 నుండి వయస్సును తీసివేసి, బరువును కిలోలలో గుణించి, రక్తములోని క్రియాటినిన్ సంఖ్యను 72తో గుణించి దానిచే భాగింపవలెను. వచ్చినది నిమిషమునకు ఇన్ని మిల్లీలీటర్లని మూత్రపిండముల వడపోతకు ఉజ్జాయింపు. స్త్రీలకైనచో దానిని 0.85తో గుణింతురు. 54 కిలోల బరువు, క్రియాటినిన్ 1 గల పురుషుడు 28 ఏండ్లవాడైనచో జవాబు 84. 78 ఏండ్లవాడైనచో 46.5. రక్తపరీక్ష కాగితముపై ఇద్దరికిని ఒకే సంఖ్య. ఇద్దరికిని "సక్రమము" అనియే యుండును. కాని రెండవవాని మూత్రపిండములు మొదటివాని పనిలో ఇంచుమించు సగమే చేయగలవు. మూత్రముద్వారా వెలువడవలసిన మందు వానిలో పేరుకొనును.

ఓప్రెన్ నేర్పిన పాఠము

ఈ సత్యమును లోకము ఒక దుర్ఘటనవలన నేర్చినది. 1980లో బ్రిటనులో కీళ్ళనొప్పులకు బెనాక్సాప్రొఫెన్ అను మందు "ఓప్రెన్" అను పేరుతో అమ్మకమునకు వచ్చినది. దినమునకు ఒక్కమారు వేసికొన్న చాలుననుట దాని ఘనత. కీళ్ళనొప్పులు ఎక్కువగా నుండువారు వృద్ధులు గనుక వాడినవారిలోను వృద్ధులెక్కువ. కాని వారి దేహమునుండి ఆ మందు ఎంత నెమ్మదిగా వెలువడునో ముందుగా తగినంత పరిశీలింపబడలేదు. దినమున కొకటిగా వేసికొన్న మాత్ర వృద్ధులలో కుప్పపడినది. 1982 మే నెలలో ఉత్తర ఐర్లండు వైద్యులు టాగర్ట్, ఆల్డర్‌డైస్ అనువారు, ఈ మందు వాడి కామెర్లతో మరణించిన వృద్ధులను గూర్చి వైద్యపత్రికలో ప్రకటించిరి. ఆగస్టు నాటికి మందు అమ్మకము నిలిపివేయబడినది. అప్పటికే ఆ మందుపై సుమారు 3,500 దుష్ఫలితముల నివేదికలు, వానిలో 61 మరణములు నమోదై యుండెను. ఆ వృద్ధులు కోరినది మోకాలి నొప్పి తగ్గుట మాత్రమే.

అటుపిమ్మట వైద్యులు జాగ్రత్తపడిరి. 1991లో అమెరికాలో మార్క్ బియర్స్ అను వైద్యుడు, తోటి నిపుణులతో కలిసి, వృద్ధుల శుశ్రూషాలయములలోని వారికి సాధారణముగా వాడకూడని మందుల జాబితా నొకదానిని కూర్చెను. తరువాత అది వృద్ధులందరికిని వర్తించునట్లు విస్తరింపబడినది. అమెరికా వృద్ధవైద్య సంఘము దానిని సంస్కరించుచున్నది. 2023లో నొక సంస్కరణము వెలువడినది. 2008లో ఐర్లండునందలి కార్క్ నగర వైద్యులు జంట జాబితాలను ప్రకటించిరి. ఒకటి మానవలసిన మందులను, రెండవది వృద్ధుడను కారణముచేత ఇయ్యక విడిచిపెట్టుచున్న అవసరమైన మందులను చూపును. ఈ రెండవ భాగము గమనింపదగినది. అక్కరలేని మందు ఎంత హానియో, ముసలితనమను నెపముతో కావలసిన మందు ఇయ్యకపోవుటయు అంత హాని.

ఈ జాబితాలను మక్కికి మక్కిగా దిగుమతి చేసికొన్నను చాలదు. అమెరికాలో సిన్నరిజిన్ అమ్మకమున లేదు. మన ఊళ్ళలో అది తల తిరుగుడునకు సర్వసాధారణము. మన డబ్బాను మనమే శోధించుకొనవలెను.

మన ఇండ్లలో

మన దేశమున వృద్ధవైద్యమునకు ప్రత్యేక శాస్త్రముగా గౌరవము మదరాసులో లభించినది. అచ్చటి వైద్య కళాశాలలో 1996లో దానికి ఎం.డి. చదువు ఆరంభమైనది. 2010లో కేంద్ర ప్రభుత్వము వృద్ధుల ఆరోగ్యమునకై జాతీయ కార్యక్రమమును ప్రారంభించినది. అయినను నిపుణులు కొద్దిమంది, వృద్ధులు కోట్లమంది. మన పెద్దలకు గుండెకొక వైద్యుడు, చక్కెరకొక వైద్యుడు, మోకాలికొక వైద్యుడు, జ్వరము వచ్చిన వీధి చివరనున్న ఆర్.ఎం.పి. గలరు. మనిషి అంతటికి కలిపి ఒక వైద్యుడు తరచుగా లేడు.

అందువలన కలుగు ప్రమాదములలో కొన్ని మన కన్నుల యెదుటనే జరుగుచుండును. రక్తపుపోటునకు కొన్ని రకముల మాత్రలును, మూత్రము ఎక్కువ చేయు మాత్రయు వాడుచున్న పెద్దాయన మోకాళ్ళనొప్పికి దుకాణమున డైక్లోఫినాక్ కొని వేసికొనును. ఆ మూడును కలిసినచో మూత్రపిండములు దెబ్బతినవచ్చును. జలుబునకు అమ్ము మాత్రలలోని క్లోర్‌ఫెనిరమిన్, ప్రోస్టేటు గ్రంథి పెరిగిన పురుషునకు మూత్రము బంధించవచ్చును. ఒకే మందు రెండు కంపెనీల పేర్లతో రెండు చీటీలలో నుండగా, రెండును వేరనుకొని రెండింతల మోతాదు మ్రింగువారు కలరు. నిద్రమాత్రలైన ఆల్‌ప్రజోలామ్, డయజిపామ్ వంటివి 2014 మార్చినుండి షెడ్యూల్ హెచ్ 1లో చేరినవి. చీటీ చూచి, వ్రాసిన వైద్యుని పేరు, రోగి పేరు పుస్తకములో ఎక్కించి గాని దుకాణదారు వానిని అమ్మరాదు. చట్టమట్లుండగా, ఏనాటిదో పాత చీటీపై అవే మాత్రలు ఏండ్ల తరబడి నడచు ఇండ్లు లేకపోలేదు.

మరియొకటి మన ఆచారమునకు సంబంధించినది. గ్లిబెన్‌క్లమైడ్ అను మధుమేహపు మాత్ర తిన్నను తినకున్నను రక్తములో చక్కెరను దించును; మూత్రపిండములు బలహీనమైనవారిలో దాని ప్రభావము చాలసేపు నిలుచును. ఏకాదశినాడు అవ్వ ఉపవాసముండును. "మందు మాత్రము మానకూడదు గదా" అని మాత్ర వేసికొనును. మధ్యాహ్నమునకు చెమట, వణుకు, సంబంధములేని మాటలు. ఇంటివారు వాతమో, మతిభ్రమణమో అని కలవరపడుదురు. స్పృహ యున్నచో వెంటనే చక్కెరో బెల్లపు నీళ్ళో త్రాగించి వైద్యుని కడకు చేర్చవలెను. వృద్ధులకు వలదని బియర్స్ జాబితా హెచ్చరించు మందులలో ఇది యొకటి. ఉపవాసమునకు ముందు వైద్యునితో ఒక్కమాట చెప్పిన ఈ ఆపద తప్పును.

ఒక ఆదివారపు పని

ఇది చదివి, అవ్వతాతల మాత్రలు పారవేయుదమని ఏ విద్యార్థియు లేవరాదు. అది ఎలుకకు వెరచి ఇంటికి నిప్పు పెట్టుకొన్నట్లగును. రక్తపుపోటు మాత్రలు ఎందరినో పక్షవాతమునుండి కాపాడుచున్నవి. నిద్రమాత్రలు, స్టిరాయిడ్లు, గుండెకు వాడు కొన్ని మాత్రలు ఒక్కసారి నిలిపివేసినచో ప్రాణాపాయము సైతము కలుగవచ్చును. మందు మాన్పవలసినవాడు వైద్యుడే. మనము చేయవలసినది వాని ముందు పూర్తి సత్యమును ఉంచుట.

అందులకు పెద్ద చదువు అక్కరలేదు. ఒక ఆదివారము ఇంట గల మందులన్నియు, ఆకుపసరులు, లేహ్యములు, దుకాణమున చీటీ లేకుండ కొన్నవి సైతము, ఒక బల్లపై పెట్టుడు. తెల్లకాగితముపై నాలుగు గడులు గీయుడు: మందు అసలు పేరు, మోతాదు, మొదలుపెట్టిన తేదీ, ఎందుకు. నాలుగవ గడి ఖాళీగా మిగిలినచోట ఎరుపు సిరాతో గుర్తు పెట్టుడు. ఆ కాగితమును ఒకే వైద్యుని ముందుంచి మూడు ప్రశ్నలడుగుడు: "ఈ మందు ఇంకను అవసరమా? ఈ వయస్సునకు, ఈ మూత్రపిండములకు ఈ మోతాదు తగునా? ఈ క్రొత్త బాధ క్రొత్త రోగమా, లేక పాత మందు పనియా?" ఏడు మందులున్నచోట రెండేసి కలియు జతలు 21; పదియున్నచోట 45. ఇన్ని జతలను ఏ వైద్యుడును చీటీ చూడకుండ మనస్సున నిలుపుకొనజాలడు. కాగితము ఆయనకు సాయము. మందువలన కీడు జరిగినదని తోచినచో తెలుపుటకు ఘజియాబాదులోని భారత ఔషధ సంహితా సంఘము వారి ఉచిత ఫోను 1800-180-3024 కలదు.

మాస్టారి విషయమున వైద్యుడు తొందరపడలేదు. అమ్లోడిపిన్‌కు బదులు వేరొక మందు వ్రాసిరి. కాళ్ళవాపు తీయగనే మూత్రపు మాత్ర అక్కరలేకపోయినది. సిన్నరిజిన్ నిలిపిరి. వణుకు మాత్రను, నిద్రమాత్రను వారముల తరబడి కొంచెము కొంచెముగా తగ్గించుకొని వచ్చిరి. మాట ముందుగా తేరుకొన్నది. వణుకు తగ్గుటకు ఆరేడు నెలలు పట్టినది, పూర్తిగ పోలేదు. చలిదినములలో కుడిచేతి బొటనవ్రేలు ఇప్పటికిని కొంచెము కదలును.

పోయిన కాలము తిరిగి రాలేదు. మనుమరాలికి ఛందస్సు చెప్పుదునని మొదలుపెట్టి, మాట తడబడుచున్నదని సిగ్గుపడి, వారు ఏడాదికి పైగా పాఠము మానివేసిరి. ఆ యేడాదిని వారినుండి తీసికొన్నది వృద్ధాప్యము కాదు. కాని ఆ యింట అందరును, తుదకు వారును, అదియే అనుకొనిరి. మందు చేసిన కీడును వయస్సుపై మోపుటయే దీనిలోని క్రూరత్వము. వయస్సునకు మందు లేదు గనుక ఎవరును మరల అడుగరు.

మొన్న వారి ఇంటికి పోయినప్పుడు అలమర తలుపు లోపలివైపున మనుమరాలి కాగితము అంటించి యున్నది. ఏడు పంక్తులలో నాలుగు కొట్టివేయబడినవి. రెండవ పంక్తిలో అమ్లోడిపిన్ పేరు దిద్ది, ప్రక్కన క్రొత్త మందు పేరు వ్రాసియున్నది. మలబద్ధకపు మాత్ర యెదుట "అవసరమైనపుడు" అని యున్నది. "ఎందుకు" అను గడిలో ఇప్పుడు ఖాళీ లేదు. తెల్లకాగితము అడుగున, పంక్తి చివర కొంచెము వంగినను చదువ వీలైన దస్తూరిలో, మాస్టారు తేదీ వేసి సంతకము చేసిరి. జవాబుపత్రము దిద్దిన పిమ్మట చేసెడి సంతకమే అది.